మూడో నంబరు కంప్యూటరు

కురెస్సారె గ్రంథాలయం ఏడింటికి మూస్తాం.
మనుషులు వెళ్ళిపోతారు, బూట్ల తడి మిగులుతుంది.
నేల తుడిచేది ఐలి.
కంప్యూటర్లు తుడిచేది నేను.
ఆమెకి బకెట్టు కావాలి,
నాకు మూడు క్లిక్కులు, ఒక నిట్టూర్పు.

ఎండెల్ వల మానేసి ఆరేళ్ళయింది.
కుకీలకి ఒప్పుకుంటారా అని తెర అడిగితే
మర్యాదస్తుడు కదా, ఒప్పుకున్నాడు.
కాసేపు చూసి నా బల్ల దగ్గరికొచ్చి
"బిస్కెట్లేవీ?" అని చెయ్యి చాపాడు.
సొరుగులోంచి ఒకటి తీసిచ్చాను.
తాతా, అక్కడ తినేది నువ్వు కాదు,
నిన్నే కొంచెం కొంచెం కొరుకుతారు
అని చెప్పేలోపే సగం నమిలేశాడు.

నాలుగు కంప్యూటర్లు. ఊరంతా తాగే నాలుగు గ్లాసులు.
కడక్కపోతే ఒకరి ఎంగిలి ఇంకొకరి పెదవికి.
పొద్దున ఎండెల్ మోకాలి నొప్పికి మందు వెతుకుతాడు,
సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాడికి
చేతికర్రలు చవగ్గా ఇస్తామంటుంది తెర.
వాడు నవ్వి స్నేహితుణ్ణి పిలిచి చూపిస్తాడు.
నేనూ నవ్వాను, చాలాసార్లు.

ఫిబ్రవరిలో ఒక గురువారం
మంచు ముదిరితే ఆఖరి పడవ ఉండదని
పది నిమిషాలు ముందే కోటు తొడుక్కున్నాను.
ఒకటి తుడిచాను, రెండు తుడిచాను.
మూడోది రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఆ రోజు మూడోదాని ముందు పిరెత్ కూచుంది,
కోటు విప్పకుండా, గుమ్మంవైపు ఒక కన్నేసి.
మర్నాడు అదే కుర్చీలో ఆమె భర్త హెయితి,
ట్రాక్టరు విడిభాగాల ధరలకోసం వచ్చాడు.
పిస్టన్ బొమ్మ పక్కన, అడక్కుండానే,
టాలిన్‌లో ఒకే గది, పిల్లల బడికి దగ్గర,
మీరు చూసిన ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది.

కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు.
అరవలేదు. అరిస్తే బాగుండేది.
దీన్ని ప్రింటు తియ్యండి అన్నాడు.
పేజీకి పది సెంట్లు.
తీసుకున్నాను.

పిరెత్ మళ్ళీ రాలేదు.
ఒకసారి కొట్లో వరసలో నా ముందు నిలబడింది,
పాలు, రై రొట్టె, కొవ్వొత్తులు.
నా మొహంకేసి కాదు, చేతులకేసి చూసింది.

ఇప్పుడు ఏడింటికి ముందే మొదలుపెడతాను.
లేచినవాళ్ళ వెనకే వెళ్ళి తుడుస్తాను,
కుర్చీ వేడి ఆరకముందే.
మూడోవాడికి ఏదీ ఇవ్వొద్దని సెట్టింగుల్లో తాళం వేశాను.
పొద్దున్నే తెర నాకు చెబుతుంది,
మీ గోప్యత మాకెంతో ముఖ్యం అని.
ఒప్పుకో అన్న మీట అరచేతంత, ఆకుపచ్చ.
వద్దు అన్నది బూడిదరంగులో, చీమ తలంత.
అదెక్కడుంటుందో చూపిస్తూ
ప్రతి తెర అంచునా నీలం టేపుతో బాణం అంటించాను.
కొన్నాళ్ళకి వాళ్ళు మీట చోటు మార్చారు.
టేపు పీకి నేనూ మార్చాను.

ఎండెల్‌కి కోపం.
"నావి చెరపకు పిల్లా,
నా మోకాలు ఎలా ఉందని అడిగేది అదొక్కటే."
ఎలా ఉంది మోకాలు? అన్నాను.
"నువ్వడిగితే లెక్కకాదు" అన్నాడు.
అయినా చెరిపాను.
మర్నాడు రెండు వేళ్ళతో మొదటినుంచీ టైపు చేసుకున్నాడు,
మ, ఓ, కా...
కొత్తవాళ్ళకి పేరు చెప్పుకున్నట్టు.

ఆ పది సెంట్లు గల్లాపెట్టెలో వెయ్యలేదు.
సొరుగులో, బిస్కెట్ల డబ్బా కింద ఉంది.
ఫిబ్రవరి లెక్కలో అంతమేర తక్కువ.
ఎవరూ అడగలేదు.